రూబీకి జైతూన్‌బీ ఇచ్చిన సిఫారసు

ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో రూబీ సివిక్స్ చెప్పేది. తొంభై అయిదులో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు వచ్చాయి. గెలిచినవాళ్ళు మీటింగుల్లో ఏం చేస్తున్నారో చూడాలన్న పిచ్చి ఆమెకు పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, ఉదయగిరి బస్సెక్కేది. సీతారామపురం వైపు పోయి, తిరుగు బస్సు లేక ఎవరింట్లోనో పడుకున్న రోజులూ ఉన్నాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో బొమ్మ గీసుకునేది, ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో రాసుకునేది.

"ఎవరికోసమే ఈ రాతలు?" అని తల్లి రెబెకమ్మ అడిగితే, "ఎవరో ఒకరు రాయాల గదమ్మా" అనేది.

మరుసటి వేసవిలో పేపర్లో ఒక ప్రకటన చూసింది. ప్రజాస్వామ్య పాలన మీద పరిశోధన చేసేవాళ్ళకు ఢిల్లీలో ఒక సంస్థ నాలుగు నెలల విజిటింగ్ ఫెలోషిప్ ఇస్తుందట. ఉండడానికి గది, చదువుకోడానికి లైబ్రరీ, చివర్లో సెమినార్. డాక్టరేట్ అక్కర్లేదు గానీ, పరిశోధన గురించి బాగా తెలిసిన ఇద్దరి సిఫారసు ఉత్తరాలు కావాలి.

ఒకటి ప్రిన్సిపాల్ రమణయ్య రాసిచ్చారు. రెండోది ఇవ్వడానికి రూబీకి తెలిసిన ప్రొఫెసరంటూ ఎవరూ లేరు.

"నీ పని నాకంటే ఆ సర్పంచులకే బాగా తెలుసు గదమ్మా," అన్నారు రమణయ్య నవ్వుతూ.

ఆయన మాటవరసకే అన్నారు. రూబీ మాత్రం మర్నాడే ఉదయగిరి పక్క పల్లెకు పోయి సర్పంచి జైతూన్‌బీ ముందు కూర్చుంది. జైతూన్‌బీకి సంతకం పెట్టడం వరకే వచ్చు. ఆమె చెబుతుంటే రూబీ రాసింది.

"ఈ పిల్ల మా మీటింగులకి తొమ్మిదిసార్లు వచ్చినాది. మొదటి మూడుసార్లు నేను నోరు తెరవలేదు. అదీ రాసుకున్నాది. నాలుగోసారి మా ఆయన జరమొచ్చి రాలేదు. నేనే మాట్లాడినాను. ఈ పిల్ల గంతేసినంత పని చేసినాది."

"అక్కా, అది వద్దులే."

"ఎందుకొద్దు? జరిగిందే గదా. రాయి అమ్మణ్ణీ!"

రూబీ రాసింది. ఇంగ్లీషు అనువాదం జతచేసి పంపింది. రెండు నెలలకు జవాబొచ్చింది. ఎంపికైంది! కింద ఎవరో చేత్తో రాశారు: చివరి సెమినారుకు జైతూన్‌బీ గారిని కూడా పిలుస్తున్నాం.

నవంబరులో రూబీ ఢిల్లీ చేరింది. హిందీ రాదు, ఇంగ్లీషులో నోరు తిరగదు, చలి చూస్తే ఎముకలు కొరికేది. అయినా నోటుపుస్తకాలన్నీ బల్లమీద పరుచుకుని రాసింది. ఇష్టమైన పని పొద్దస్తమానం చేసుకోవచ్చన్న సంగతి ఆమెకు కొత్త. ఆ సంతోషంతో తల్లికి పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసింది.

ఫిబ్రవరిలో జైతూన్‌బీ తన భర్త మదార్ సాహెబ్‌ను వెంటబెట్టుకుని రైలు దిగింది. సెమినార్లో రూబీ తడబడుతూనే తన వ్యాసం చదివింది. ఆ తర్వాత ఒక పెద్దాయన లేచి, పంచాయతీలో అసలు అధికారం ఎవరిదని జైతూన్‌బీని హిందీలో అడిగాడు. తెలుగులో ఎవరు చెప్తారా అని రూబీ కంగారుగా చుట్టూ చూసింది. జైతూన్‌బీ ఆమె చెయ్యి నొక్కి లేచి నిలబడింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే మొదలుపెట్టింది.

"సంతకం నాది. సీలు మాత్రం మా ఆయన పెట్టెలో ఉండేది. అడిగి తీసుకున్నాను. ఇప్పుడు రెండూ నా దగ్గరే ఉన్నాయి. కావాలంటే ఆయన్నే అడగండి."

అందరూ వెనక్కి తిరిగారు. మదార్ సాహెబ్ సిగ్గుపడుతూ తల ఊపాడు. హాలంతా నవ్వులు, చప్పట్లు. చప్పట్లు ఆగాక జైతూన్‌బీ, "మరి మీ ఆడోళ్ళంతా వెనక వరసలోనే కూర్చున్నారేంది?" అని అడిగింది. నలుగురు ప్రొఫెసరమ్మలు నవ్వుకుంటూ ముందుకొచ్చి కూర్చున్నారు.

ఎండాకాలంలో ఆ వ్యాసం అచ్చయింది. రమణయ్య దాన్ని స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించారు. దుత్తలూరు నుంచి, జలదంకి నుంచి వార్డు మెంబర్లు కబురు పెట్టారు, మా మీటింగుకి ఎప్పుడొస్తావని. అన్నిటికీ ఒక్కతే పోలేక, రూబీ తన క్లాసు ఆడపిల్లల్ని పిలిచింది. ఇద్దరొస్తారనుకుంటే ఆరుగురొచ్చారు. దుత్తలూరు బస్సులో ఒక్కరికీ సీటు దొరకలేదు. దారిపొడుగునా పాటలు పాడుకుంటూ నిలబడే పోయారు.