ఆదివారం గొంతు

జెనీవా సభల్లో ఒటాకర్ జెలింకా, నేను ఒకే అద్దాల గదిలో పక్కపక్కన కూర్చుని అనువదించేవాళ్లం. రష్యన్‌లో ఎవరేం మాట్లాడినా మా గొంతులో ఫ్రెంచి అయి సభకు వినిపించేది. అరవై ఎనిమిదిలో రష్యా ట్యాంకులు వచ్చినప్పుడు అతను చెకోస్లోవేకియా నుంచి బయటపడ్డాడు. భార్య రానంది. రెండేళ్ల కూతురు రాద్కా తల్లితోపాటు ఓస్త్రావాలోనే ఉండిపోయింది.

ప్రతి ఆదివారం పడమటి దేశాల చెక్ రేడియోలో అతను మారుపేరుతో సంగీతం గురించి మాట్లాడేవాడు. నిజానికి ఆ మాటలన్నీ రాద్కా కోసమే. అది నాన్న గొంతని తల్లి ఆమెకు చెప్పిందట. కానీ అక్కడి ప్రభుత్వం ఆ ప్రసారం ఎవరికీ వినపడకుండా అదే తరంగం మీద రొద వదిలేది. రంపం కోస్తున్నట్టుంటుందనీ, ఒక్క మాటా తెలియడం లేదనీ రాద్కా ఎవరిచేతో కబురు పెట్టింది.

ఎనభై నాలుగు జనవరిలో, ఏ దేశం ఏ తరంగం వాడుకోవాలో తేల్చుకోవడానికి తూర్పు, పడమటి కూటముల వాళ్లు జెనీవాలో కూర్చున్నారు. పడమటి వాళ్లు రొద సంగతి ఎత్తారు. చెక్ ప్రభుత్వం తరఫున వచ్చిన ఇంజనీరు హ్రూబెష్ లేచి రష్యన్‌లో జవాబిచ్చాడు. అప్పుడు అనువదించే వంతు ఒటాకర్‌ది.

"మేం ఎవరి ప్రసారానికీ అడ్డు తగలడం లేదు" అన్నాడు ఒటాకర్, తడబడకుండా. అనువాదకుడు 'ఆయన అంటున్నాడు' అనకూడదు. 'మేం' అనే అనాలి. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ పూటంతా అనువాదం నేనే లాక్కొచ్చాను.

విరామంలో ఒటాకర్ కాఫీ దగ్గర హ్రూబెష్‌ని పట్టుకుని, కూతురి సంగతి చెప్పి, ఆదివారం ఒక్క పావుగంట ఆ రొద ఆపించగలరా అని అడిగాడట.

"ఆ మీట నా చేతిలో లేదండీ" అన్నాడట హ్రూబెష్, చక్కెర కలుపుకుంటూ. "ఉన్నా నొక్కను. నాకూ ఇద్దరాడపిల్లలు. చదువులు ఆగిపోతాయి."

"వాళ్లు వింటారా?"

"విందామని చూస్తారు. నేను వంటింట్లోకి వెళ్లిపోతాను."

"అతని మీద కోపం వచ్చినా బాగుండేది, సొలాంజ్" అన్నాడు ఒటాకర్ నాతో.

ఒకరి ప్రసారానికి ఒకరు అడ్డు రాకూడదని సభ తీర్మానించింది. రొద పెట్టేవాళ్లు కూడా సరేనన్నారు. రొద మాత్రం ఆగలేదు. ఒటాకర్ మరో రెండేళ్లు మాట్లాడాడు. ఆ తర్వాత రాద్కాకు పెళ్లయిందనీ, భర్త పార్టీ మనిషనీ, ఇంట్లో ఆ రేడియో పెట్టనివ్వడనీ తెలిసింది. ఆ వారం నుంచి ఒటాకర్ తన మాటలు రికార్డు చేసిన టేపు రేడియోకు పంపలేదు.

ఎనభై ఎనిమిది చివర్లో ఆ రొద ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పటికే రేడియో వాళ్లు అతని ఆదివారం సమయాన్ని వేరే ఎవరికో ఇచ్చేశారు. రొద ఆగిన సంగతి నేనే అతనికి ఫోన్ చేసి చెప్పాను.  తలుపు దగ్గర ఎవరో ఉన్నారని చెప్పి పెట్టేశాడు.