టర్బో కారుకు గొడుగు బట్ట

నాయిన ట్రాక్టర్ అమ్మించి, ఆ డబ్బుతో నా కారుకు బలం కొన్నాను. ఇంతటి ఘనకార్యం మా తూంకుంటలో ఇంకెవరూ చేసి ఉండరు. పొలమంతా ప్లాట్లయ్యాక ట్రాక్టర్ ఎందుకని నా వాదన. నాయిన వాదించలేదు. కొన్నవాడు తోలుకుపోతుంటే గేటు దాకా వెళ్లి, క్లచ్చు మెల్లగా వదలమని చెప్పి వచ్చాడు. కారెక్కితే తేడా నీకే తెలుస్తుందని ఆయనకు మాటిచ్చాను.

మేడ్చల్ హైవే మీద ఒక షాపుంది. అక్కడి మెకానిక్ చేతికి మసి అంటదు, అంతా లాప్‌టాప్‌తోనే. టర్బో ఎక్కువ గాలి తోసేలా ఇంజను లెక్కలు మార్చాడు. ఇంజను గాలి పీల్చే పాత ఫిల్టర్ డబ్బా పీకేసి, మూత లేని పెద్ద ఫిల్టర్ బిగించాడు. దారి పొడవునా ట్రాఫిక్, బలం చూసే వీలు చిక్కలేదు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి వాడకట్టందరికీ చూపించి, దాన్నలాగే వదిలేసి అన్నానికి వెళ్లాను.

మర్నాడు నాయినను పక్కన కూర్చోబెట్టుకుని శామీర్‌పేట రోడ్డెక్కాను. యాక్సిలరేటర్ నేలకు తొక్కాను. కారు బాగా ఆలోచించుకుని కదిలింది. షేర్ ఆటో ఒకటి మమ్మల్ని దాటిపోయింది. "మంచిగనే పోతాంది తియ్యి" అన్నాడు నాయిన. ఆ జాలి భరించలేకపోయాను. తేడా చూపించలేకపోతే ట్రాక్టర్‌ను ఉత్తపుణ్యానికి పోగొట్టినవాణ్ణవుతాను.

మళ్లీ మేడ్చల్. పెట్రోలు మంచిది కాదన్నాడు మెకానిక్, ఖరీదైనది పోయించాను. ప్లగ్గులన్నాడు, మార్పించాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు బలాన్ని ఆపేస్తోందన్నాడు, దాని లెక్కలూ మార్పించాను. ఇక మిగిలింది నా బరువేనని చూపుతోనే చెప్పాడు. ఒకసారి మాత్రం బానెట్ ఎత్తి, ఫిల్టర్‌కు తొడిగిన నల్ల కవరు చూసి, "కవర్ గూడ ఏసిన్రు సార్, మస్తుంది" అన్నాడు. అది షాపువాళ్లే వేశారని నేను, ఏ విదేశం నుంచో తెప్పించుకున్నానని అతను అనుకున్నాం. అడిగితే ఏమీ తెలియనివాళ్లమని తేలిపోతుందని ఇద్దరం పెద్దమనుషుల్లా తలలూపుకున్నాం.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, ఇంజను వైపు గుడ్లప్పగించి చూస్తున్నాను. నాయిన చాయ్ గ్లాసుతో వచ్చాడు.

"టోపి ఇప్పలేదేంది?"

"ఏం టోపి?"

ఆయన ఇంజను ఆపమని, గ్లాసు నా చేతిలో పెట్టి, ముడి విప్పి ఆ నల్ల కవరు తీశాడు. గొడుగు బట్ట. వానకు ట్రాక్టర్ సైలెన్సర్‌లోకి నీళ్లు పోకుండా ఆయనే కుట్టుకున్న టోపీ. చిన్నప్పటి నుంచి చూసిందే, అయినా పోల్చుకోలేకపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను అన్నానికి వెళ్లిన ఆ సాయంత్రం, ఫిల్టర్‌కు మూత లేదని ఆయనే దాన్ని కట్టాడట.

"నిలవెట్టినప్పుడు కట్టాలె, నడిపేటప్పుడు ఇప్పాలె. గంతేగద" అన్నాడు. "పొద్దుగాల ఇప్పి, పొద్దుమీకి నువ్వే కడ్తున్నవనుకున్న. ట్రాక్టర్ మీద లేని పాయిరం దీని మీదన్న ఉన్నదనుకున్న."

చచ్చేంత సిగ్గేసింది.

టోపీ లేకుండా శామీర్‌పేట రోడ్డు మీద తొక్కితే కారు ఉరికింది. నాయిన పై హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, "ఆఁ, తేడా ఉన్నది" అన్నాడు. ఈ మాట కోసమే కదా ఇంత చేశాను. వినగానే ట్రాక్టర్ గుర్తొచ్చి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాను.

ఇంటికొచ్చి, ట్రాక్టర్ నిలిపే రేకుల కింద కారు పెట్టి, టోపీ నేనే కట్టాను. ముడి వదులుగా వచ్చింది. నాయిన దాన్ని విప్పి, మళ్లీ గట్టిగా కట్టాడు.