సూది కదలని తెల్ల రికార్డు

ఆ రోజుల్లో, అంటే పాటలన్నీ జేబులోని ఫోనులోకి వచ్చేసి, ఇళ్లలోని రికార్డులన్నీ పాత సామాన్ల బండెక్కి పోతున్న రోజుల్లో, నాకు రికార్డుల పిచ్చి పట్టింది. అదీ ఎలక్ట్రానిక్ సంగీతం రికార్డులు. వీటిని చేసేవాళ్లు వట్టి తిక్క మనుషులు. ఒకడు రికార్డు మీద పేరే వేయడు. ఇంకొకడు ఏ వేగంతో తిప్పాలో చెప్పడు. మనం నిదానంగా తిప్పుకుని, ఏదో విషాద గీతమని కళ్లు తుడుచుకున్నాక, అది గెంతులేయాల్సిన సరుకని తెలుస్తుంది (స్వానుభవం). ఈ తిక్కలన్నీ తెలిసినవాడు తిరుపతిలో నేనొక్కణ్ణేనని నా నమ్మకం. పోటీకి ఇంకెవరూ లేరు కాబట్టి అది నిజమే అయ్యుండొచ్చు.

శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. సెలవు రోజున మద్రాసు వెళ్లి, ఒక పాత అంగట్లో తెల్ల కాగితం అంటించిన రికార్డు కొన్నాను. ఒకవైపు గీతలు, రెండో వైపు అద్దంలా నున్నగా ఉంది. ఇంటికొచ్చి అంచున సూది పెడితే 'డుబ్బు టిక్కు, డుబ్బు టిక్కు' అని మొదలైంది. అంతే. స్నానం చేసొచ్చినా అదే, అన్నం తినొచ్చినా అదే. సూది అంచు వదిలి లోపలికి జరగదు. ఇంకొకడైతే అంగడివాణ్ణి తిట్టుకునేవాడు. నేను మాత్రం, ఆదీ అంతమూ లేని సంగీతమంటే ఇదేనని తేల్చుకుని, వారాల తరబడి కళ్లు మూసుకుని విన్నాను. మా నాయన కొండకు బస్సు తోలి రిటైరైన మనిషి. "ఏందిరా ఆ సప్పుడు? ఘాట్‌లో నా బండి ఇట్లా కొట్టుకుంటే పక్కన నిలిపి బానెట్ ఎత్తేవాణ్ణి" అన్నాడు. చాలా లోతైన సంగీతమని చెప్పాను. "లోతుంటే ఉండనీలే, సౌండు తగ్గించు."

కంపెనీ బస్సులో నా పక్క వరుసలో ఒకమ్మాయి కూర్చునేది. నగరిలో మరమగ్గాల వాళ్ల కూతురు. తిరుపతిలో హాస్టల్లో ఉండేది. ఆమెతో మాట్లాడాలని ఎన్నాళ్లుగానో మాటలు కూడబెట్టుకున్న నేను, తీరా నోరు తెరిచి చెప్పింది ఈ రికార్డు గురించే.

"అది నిలవనే నిలవదా?" అంది.

"నిలవదు. మనమే ఆపాల."

"మా మగ్గం కూడా అంతే. కరెంటు పోతేనే నిలిచేది." మళ్లీ తనే, "ఆదివారం మా అక్క వస్తాది. ఇద్దరం వచ్చి వింటాం" అంది. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడిచానో ఎగిరానో గుర్తు లేదు.

ఆదివారం అమ్మ మురుకులు చేసింది. నేను నిలబడి ఉపన్యాసం ఇచ్చి సూది పెట్టాను. డుబ్బు టిక్కు. అక్కాచెల్లెళ్లు మర్యాదగా విన్నారు. కాఫీలు అయిపోయాయి. అక్క కూర్చున్నచోటే నిద్రపోయింది. నా వైపు చూడకుండా ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూడసాగింది. "ఇది ఎప్పుడు మొదలవుతాదిరా?" అన్నాడు నాయన. "ఇదే నాయనా" అన్నాను. ఆయన ఇక తట్టుకోలేక, "పాపం, ఊరి నుంచి వచ్చినారు, ఆపేస్తా ఉండు" అని లేచి సూదికర్ర పట్టుకున్నాడు. జీవితమంతా గేరురాడ్డు పట్టిన చెయ్యి. సూది జారి, నట్టనడుమ తెల్ల కాగితం పక్కన పడింది.

"అది అయిపోయే చోటు నాయనా" అన్నాను. కాదు. ఒక్కసారిగా డప్పులు, గంటలు, వందమంది ఈలేసినట్టు ఏవో కూతలు ఇల్లంతా నిండాయి. సూది లోపల్నుంచి బయటికి పాకుతోంది. ఆ రికార్డు చేసిన తిక్కమనిషి, అందరిలా అంచున కాకుండా, పాటను నడుమ మొదలుపెట్టి అంచున ముగించాడు. అక్క ఉలిక్కిపడి లేచి, "ఇది బాగుండాది" అని చెల్లెల్ని చెయ్యి పట్టి లేపింది. అమ్మ మురుకుల పళ్లెం మీద దరువేసింది. నాయన కనిపించని స్టీరింగు పట్టుకుని ఘాట్ మలుపులన్నీ తిప్పుతూ, ఒక్కో మలుపుకీ ఒరుగుతూ హాలంతా తిరిగాడు. ఎవరూ అడ్డం రాకుండా నేను హారన్ కొట్టాను (నోటితోనే).

పాట అయిపోయింది. సూది అంచుకు చేరి మళ్లీ 'డుబ్బు టిక్కు' అంది. ఆ అమ్మాయి నెమ్మదిగా నా వైపు తిరిగింది. "అంటే ఇన్నాళ్లూ మీరు వినింది, పాట అయిపోయినాక మిగిలే టిక్కుటిక్కునా?" అని నేల మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నా కథ అక్కడితో సరి అనుకున్నాను. నాయన మాత్రం చెమట తుడుచుకుంటూ, "ఇంకోతూరి పెట్టు. ఎక్కేది అయింది, ఇప్పుడు దిగుదాం" అన్నాడు.

మర్నాడు బస్సులో ముఖం చెల్లక వెనక సీట్లో నక్కాను. ఆమె వెతుక్కుంటూ వచ్చి పక్కన కూర్చుని, "మా నాయనకు చెప్పినా. ఆ రికార్డు తెమ్మన్నాడు, మగ్గాలు నిలిపి వింటాడంట" అంది. అట్లా రికార్డు ప్లేయరు ఒళ్లో పెట్టుకుని నగరికి పోవడం మొదలై, అది మా పెళ్లి దాకా పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో రికార్డులకు ఒక గదే ఉంది. ఆ నవ్విన మనిషినే నన్నెందుకు చేసుకున్నావని ఒకసారి అడిగాను. "వట్టి టిక్కుటిక్కునే అంత శ్రద్ధగా వినే మనిషి, నేను చెప్పేది కూడా వింటాడనుకున్నా" అంది. అప్పటిదాకా ఫోను చూసుకుంటూ ఊ కొడుతున్న నేను తలెత్తి నవ్వాను. ఆమె అన్నది తప్పేం కాదు. అప్పటి ఆ కుర్రాడైతే వినేవాడే.