మూత తియ్యకుండానే సగమైన మందు

నా రెండు గంటల నిద్ర ఒక ముసలవ్వ వైద్యాన్ని ముంచబోయిన కథ చెబుతాను. మీరు నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పుడు నేను హైదరాబాద్ నుంచి కరీంనగర్‌లోని ఒక స్కానింగ్ సెంటర్‌కు సీసం పెట్టెలో మందు తెచ్చే డ్రైవర్‌ని. ఆ మందును సూదితో ఎక్కిస్తే ఒళ్లంతా తిరిగి, ఊపిరి అందని కండ దగ్గర ఆగిపోతుందట. ఫొటోలో ఆ చోటే వెలుగుతుందట. బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసిన మా తాత, గాలి ఆడని చోట దీపం చిన్నబోతుందని చెప్పేవాడు. గాలి ఆడని చోటే వెలిగే దీపం కూడా ఉందంటే నాకు భలే ముచ్చటేసింది.

ఆ ముచ్చటలోనే మానేరు డ్యాం దాకా వచ్చాను. ఊరు కనిపిస్తోంది. నీళ్ల మీది గాలి మెల్లగా తగిలింది. ఐదు నిమిషాలే కదా అని వేపచెట్టు కింద బండి ఆపి కళ్లు మూశాను. కలలో ఒక చిన్న దీపం నీళ్ల అడుగున చీకటి గదులన్నీ వెతుక్కుంటూ పోతోంది, దాని వెనక నేను. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నా నిద్ర గడియారాన్ని కూడా ఎరగలేదు. లేచేసరికి రెండు గంటలు!

సెంటర్‌లో డాక్టరమ్మ మందును మిషన్‌లో పెట్టి కొలిచి, నా వైపు చూసింది.

"సగమే ఉన్నది."

"మేడం, మా అవ్వ మీద ఒట్టు, నేను తాగలే! సీలు సూడుండ్రి, మూత గూడ ముట్టలే!"

"తాగుడేందయ్యా? గిది కిరణాల మందు, రెండు గంటలైతే దాని బలం అదే సగమైతది. ఏడ ఆగినవ్?"

"జర... కన్ను మూతవడ్డది."

"మంథని నుంచి వచ్చిన లచ్చవ్వ పొద్దటి సంది ఉపాసమున్నది. ఆమె కాలి క్యాన్సర్ గడ్డకు కరెంటు ఏడ పెట్టాల్నో గీ ఫొటో సూసే చెప్పాలె. మందు తక్కువైంది గదా, ఇగ రెట్టింపు సేపు పండుకోవాలె. కదిలిందా, ఫొటో ఖరాబ్!"

డెబ్బై ఏళ్ల మనిషి, నొప్పి కాలు, కదలకుండా ఎలా పడుకుంటుంది? సూది వేసిన దగ్గర్నుంచీ తేలు కుట్టిన దొంగలా బయట బెంచీ మీద కూచున్నాను. భయమేసింది, సిగ్గేసింది.

చివరికి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ నవ్వుతోంది. "ఫొటో సక్కగొచ్చింది. ఇంచు గూడ కదల్లే!"

వెనకే లచ్చవ్వ, కళ్లు నులుముకుంటూ. "మందు తెచ్చింది నువ్వేనా బిడ్డా?"

"నేనే అవ్వా. తప్పయింది, తొవ్వల పండుకున్న."

"గట్లనా! నీ నిద్రంత గా మందుల కలిసినట్టున్నది. గడ్డ లేసిన కాడికెల్లి కంటిమీద కునుకు లేకుండె. ఇయ్యాల గురక గూడ కొట్టిన్నట!"

ఆ రోజే సీసం పెట్టె మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: బండిలో మందుండగా ఏ చెట్టు నీడా నాది కాదు. ఇప్పటికీ డ్యాం దగ్గరికి రాగానే అద్దాలు పైకెత్తి, పాట పెద్దగా పెట్టి దాటేస్తాను. ఆ రెండు గంటల నిద్ర లచ్చవ్వ దగ్గరే ఉండనివ్వండి, ఆమెకే ఎక్కువ అవసరం.