బలద్‌లో రాజమల్లు కాక ఉన్న గది

జెద్దా పాతబస్తీ బలద్‌లో ఒక పాత పగడపురాయి మేడను బాగుచేసి మ్యూజియం చేశారు. వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద, సౌదీని పూర్తిగా వదిలి జగిత్యాలకు వెళ్లిపోతున్న రాజమల్లు కాక, పోయేలోపు దాన్ని ఒకసారి చూడాలన్నాడు. ఇవాళ సాయంత్రం తీసుకెళ్లాను.

మేడ చూపించే సౌదీ అమ్మాయి రెండో అంతస్తులో ఒక గది దగ్గర ఆగి, "ఇక్కడ వ్యాపారి తన అతిథులను కూర్చోబెట్టేవాడు. ఆ కుటుంబం వెళ్లిపోయాక ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది" అని అరబీలో చెప్పింది. నేను కాకకు తెలుగులో చెప్పాను.

"ఖాళీ ఎక్కడిదిరా? పనికొచ్చిన పన్నెండు మందిమి ఉన్నం ఈ రూముల" అన్నాడు కాక. "తొంభైల కువైట్ల లడాయి అయినప్పుడు మా తమ్ముడు ఆడనే ఉండె. ఈ కిటికి కాడ రేడియో పెట్టుకొని రెండు నెలలు కూసున్న. వాడు జోర్డాన్ మీదికెళ్లి ఇల్లు చేరిండని ఉత్తరం ఈడికే వచ్చింది."

అది నేను అరబీలో చెప్పాను. ఆ అమ్మాయి ఫోను తీసి, "వాళ్ల పేర్లు చెప్పమనండి, రాసుకుంటాను" అంది. కాక తన పేరు చెప్పి, ఇంకో తొమ్మిది పేర్లు చెప్పాడు. మిగతా రెండూ గుర్తు రాక కళ్లు తుడుచుకున్నాడు.

మనవాళ్లు ఉన్న ఇల్లు కాగితాల్లో ఖాళీ ఇల్లవుతుందని నాకు ఇవాళే తెలిసింది.

తిరిగొస్తుంటే షరఫియా దగ్గర బస్సులో కాక నా చెయ్యి పట్టుకుని, "గంగారం. ఆయన పేరు చెప్పలే" అన్నాడు.

రేపు మళ్లీ వెళ్తున్నాం. ఇంకొక్క పేరు కావాలి. అప్పట్లో ఆ గదిలో ఉన్నవాళ్లు గానీ, వాళ్ల పిల్లలు గానీ ఇది చదివితే కింద రాయండి.