గెస్ట్‌హౌస్ తలుపులకు గునుగుపూల చక్రాలు

1963 జూలైలో నన్ను నందికొండ ప్రాజెక్టు కాలనీలోని మహిళా కేంద్రానికి క్రాఫ్ట్ టీచరుగా వేశారు. మాది ఆలేరు, మగ్గం నేసే ఇల్లు. హైదరాబాదులో ఏడాది శిక్షణ పొంది, ఇక్కడికి రాకముందు రెండేళ్లు హుజూర్‌నగర్‌లో కుట్టు నేర్పాను. ఆ రోజుల్లో క్రాఫ్ట్ టీచరంటే కుట్టు, అల్లిక, బుట్టలు, కాగితం పూలు, ఎవరేది అడిగితే అది నేర్పే మనిషి. నా పై అధికారిణి నల్లగొండలో ఉండేది. నెలకోసారి వచ్చి హాజరు పట్టీ చూసి పోయేది. కాలనీలో అసలు పెత్తనం కేంద్రం అధ్యక్షురాలిది. ఆ పదవి ఎప్పుడూ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి భార్యకే దక్కేది. నేనున్నప్పుడు సుభద్రమ్మ గారు. గుంటూరు వైపు మనిషి, మాట గట్టి, ఆమె ఇంటి కాఫీ ఇంకా గట్టి. నా ఉద్యోగం అప్పటికి పర్మనెంటు కాలేదు. ఏడాది చివర ఆమె రాసే రిపోర్టు మీదే అది తేలాలి.

డిసెంబరు మొదటి వారంలో ఆమె నన్ను ఇంటికి పిలిపించి ఒక విదేశీ పత్రిక చేతిలో పెట్టింది. డ్యాము పని చూడటానికి వచ్చే విదేశీ ఇంజనీర్లు భార్యాపిల్లలతో సహా క్రిస్మస్‌కు గెస్ట్‌హౌస్‌లో దిగుతున్నారట. ఎనిమిది గదులకు ఎనిమిది తలుపు చక్రాలు, భోజనాల బల్ల నడుమ పెట్టడానికి మూడు అలంకారాలు కావాలట. పత్రికలో బొమ్మ ఉంది. సూదుల్లాంటి ఆకులతో పచ్చటి చక్రం, మధ్యమధ్య ఎర్రటి పండ్లు.

"ఇలాగే ఉండాలమ్మాయ్. మన దగ్గర ఏం దొరుకుతాయో నాకు తెలియదు. బొమ్మ మాత్రం ఇదీ" అంది.

మా చుట్టుపక్కల దొరికేవి బండరాళ్లు, తుమ్మలు, తంగేడు పొదలు. నేను వావిలి బరిగెలు వంచి చక్రం కట్టి, వరిగడ్డి చుట్టి, దాని మీద వేపరెమ్మలు నారతో బిగించాను. బుట్టలల్లే చోట ఎక్కడైనా వావిలి బరిగెకు పేరుంది, వంచితే విరగదు. చక్రం బాగానే కుదిరింది గానీ మరునాటికి వేపాకు రాలిపోయి గడ్డి బయటపడింది. చింతరెమ్మలతో చేస్తే అదే రోజు సాయంత్రానికి ముడుచుకుపోయింది. మూడోది పట్టుకుని గెస్ట్‌హౌస్‌కు వెళితే ఖాన్సామా, అంటే అక్కడి వంటపెద్ద, దాన్ని ఎగాదిగా చూశాడు.

"టీచరమ్మా, గిది దర్వాజకు కడ్తరా, శవం మీద పెడ్తరా? జర ముందే చెప్పుండ్రి, నేను గా దిక్కు పోను" అన్నాడు.

ఆ పనిని దారిలో పెట్టింది సాయమ్మ. డ్యాము కట్ట మీద రాళ్లు మోసే కూలి. నలభై ఏళ్లుంటాయి. పని లేని రోజుల్లో కేంద్రానికి వచ్చి ఒక మూల కూర్చునేది. చదువు రాదు, కుట్టు మీద ఆసక్తి లేదు. నీడ కోసం వస్తానని తానే చెప్పేది. పత్రికలో బొమ్మ చూసి పకపకా నవ్వింది.

"గిది సుట్టబట్ట గద టీచరమ్మా! మేం తట్ట కింద నెత్తి మీద పెట్టుకునేది. దొరలు దర్వాజకు తగిలిస్తరా?"

ఆ రోజు నుంచి మా కేంద్రంలో ఆ చక్రాలకు సుట్టబట్టలనే పేరు ఖాయమైంది. రాలిన వేపాకు చూసి ఆమె ఇంకో మాట కూడా అంది. "పచ్చిది కడితే ఎండుతది. ఎండినదాన్నే కట్టు. ఇంక అదేమైతది?"

మర్నాడు కోసిన జొన్నచేల గట్ల నుంచి ఎండు గునుగు మోపుగా తెచ్చి పడేసింది. బతుకమ్మకు పేర్చే గునుగే. ఎండినా కంకి రాలదు, రంగు పడుతుంది. మా నాయిన నూలుకు రంగులద్దే పద్ధతి నాకు తెలుసు కాబట్టి సగం ఆకుపచ్చ అద్ది, సగం తెల్లగానే ఉంచాం. ఒత్తుగా, ఒకే వాలుగా, ఒక వరుస కాడలు తర్వాతి వరుస కింద దాగేలా కట్టడం సాయమ్మే నేర్పింది. బతుకమ్మ పేర్చే చెయ్యి అది. రోజుకు రెండు చక్రాలు లేచాయి.

మిగిలింది ఎరుపు. గుట్టల్లో గురిగింజ కాయలు పగిలి గింజలు మెరుస్తున్నాయి. ఎర్రటి గింజ, నల్లటి కన్ను. చిన్నప్పుడు వాటితో ఆడుకున్నదాన్నే. సాయమ్మ ఆ వారం చెల్లెలి ఇంట్లో పెళ్లికని ఊరికి పోయింది. నేనూ, స్టాఫు ఇళ్ల ఆడవాళ్లు నలుగురూ కాల్చిన దబ్బనంతో గింజలకు తూట్లు పొడిచి సన్న తీగకు గుచ్చి బల్ల అలంకారాల మీద గుత్తులుగా కట్టాం. చక్రాలకు మాత్రం ఎర్ర నూలు కుచ్చులు చాలనుకున్నాం.

మా శాఖలో నమూనా పద్ధతి ఉండేది. ముందు ఒకటి చేసి చూపాలి. చూసినవారు చీటీ మీద సంతకం పెడితే దాన్ని నమూనాకు కట్టాలి. ఆ తర్వాత ఏ చిన్న మార్పు చేయాలన్నా మళ్లీ సంతకం కావాలి. సుభద్రమ్మ గారు గురిగింజ గుత్తులు చూసి మురిసిపోయి సంతకం పెట్టింది.

ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం సాయమ్మ ఊరి నుంచి తిరిగొచ్చింది. చక్రాలన్నీ చూసి తలాడించింది. బల్ల అలంకారం దగ్గర ఆగిపోయింది.

"గీ గింజలకు తూట్లు ఎవరు పొడిచిన్రు?"

"మేమే. ఎందుకు?"

"చేతులు కడుక్కున్నరా? పోయి కడుక్కోండ్రి ముందు. గింజ పలగకుంటే ఏం గాదు, మింగినా గట్లనే బైటికొస్తది. తూటు పడ్డదంటే ఇసం. మా ఊర్ల ఒక పొల్ల నమిలి నాలుగు దినాలు దవాఖానల పడ్డది. బతికింది గానీ, గా నాలుగు దినాలు వాళ్లవ్వ బతకలే." వెంటనే అడిగింది. "గా బల్ల కాడ పోరగాండ్లు కూసుంటరా?"

కూర్చుంటారు. ఆరుగురు. లిస్టు నా దగ్గరే ఉంది.

ప్రాజెక్టు దవాఖాన డాక్టరు దగ్గరికి పరుగున వెళ్లి అడిగాను. సాయమ్మ మాట అక్షరాలా నిజమని, వెంటనే తీసేయమని చెప్పాడు. సుభద్రమ్మ గారేమో అతిథులను తీసుకుని డ్యాము మీదికి వెళ్లింది, తిరిగొచ్చేసరికి నేరుగా భోజనాలే. సంతకం పెట్టిన నమూనాను సంతకం లేకుండా మారిస్తే రిపోర్టులో ఏం పడుతుందో నాకు తెలుసు. అయినా కత్తెర తీశాను.

తీగలన్నీ కత్తిరించి గింజలను ఒక్కటి కూడా పోకుండా ఏరి, కేంద్రం వెనుక మోకాలి లోతు గుంట తీసి పూడ్చాం. ఎరుపు కోసం సాయమ్మ కాలువ గట్టు నుంచి ఒడి నిండా రేగుపండ్లు తెచ్చింది. దోరవి, ఎర్రబారినవి ఏరి, కడిగి, కొత్త దారానికి గుచ్చాం. నిగనిగ అంత లేదు. గుత్తి నిలబడదు, వేలాడుతుంది. దీపాలు పెట్టేవేళకు మూడూ బల్ల మీదికి చేరాయి.

సుభద్రమ్మ గారు లోపలికొస్తూనే గమనించింది. దొరసానుల ముందు నవ్వుతూనే నా పక్కకొచ్చి, "ఇవేంటి? నేను సంతకం పెట్టినవి ఇవి కావే?" అని పళ్లబిగువున అడిగింది. రేపు చెబుతానండీ అన్నాను. "రేపు నేనూ చెబుతాను" అంది.

నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. సూపు ఇంకా పూర్తి కాలేదు. ఎర్రజుట్టు పిల్లవాడొకడు చెయ్యి చాచి ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నాడు. పక్కనున్న చెల్లెలు రెండు తెంపింది. వాళ్ల నాన్న వద్దంటాడేమోనని చూస్తే, ఆయనా ఒకటి నమిలి, గింజ ఎక్కడ ఉమ్మాలో తెలియక బిక్కమొహం వేశాడు. కూర గిన్నెలు వచ్చేసరికి మూడు అలంకారాల మీదా గునుగు తప్ప ఏమీ మిగల్లేదు. నేను గడప మీదే కూర్చుండిపోయాను.

ఖాన్సామా ఖాళీ గిన్నెలతో వస్తూ, "ఫికర్ చెయ్యకుండ్రి, రేగుపండ్లే గద, ఏంగాదు" అన్నాడు. గురిగింజల సంగతి అతనికి తెలియదు.

మర్నాడు ఉదయం సుభద్రమ్మ గారికి అంతా చెప్పాను. కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆ పిల్లాడు నా పక్కనే కూర్చున్నాడు. ఇంకో పండు నేనే కోసిచ్చాను" అంది. గింజలు ఎక్కడ పూడ్చామో అడిగి, స్వయంగా వచ్చి చూసి, గుంట మీద బండ పెట్టించింది.

ఏడాది చివర రిపోర్టులో ఆమె రెండే వాక్యాలు రాసింది. "అనుమతి లేకుండా నమూనా మార్చినది. పర్మనెంటు చేయదగినది."

సాయమ్మను కేంద్రంలో సహాయకురాలిగా వేయమని నేను రాసిన కాగితం మాత్రం నల్లగొండ నుంచి తిరిగొచ్చింది. ఆ ఉద్యోగానికి అయిదో తరగతి ఉండాలట. ఆ మాట చెబితే, "గట్లనా? నేనైతే నీడకే వస్తున్న గదా" అని తన మూలకు వెళ్లి కూర్చుంది. డ్యాము పని ముగిసేదాకా వస్తూనే ఉంది.

తర్వాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇతర చోట్ల ఇరవైయేడేళ్లు పనిచేశాను. ఏ కేంద్రంలో సామగ్రి పట్టిక తయారు చేసినా పేరు, రంగు, దొరికే చోటు అనే గడుల పక్కన ఇంకో గడి గీసేదాన్ని: ఎవరి చేతికి అందుతుంది? ఆ గడి శాఖ ఫారంలో లేదని ఇద్దరు అధికారులు అభ్యంతరం చెప్పారు. నేను గీస్తూనే వచ్చాను. దాన్ని నింపేముందు ఆ ఊళ్లో పొలం పనికి పోయే ఆడవాళ్లను ఒకరినైనా కూర్చోబెట్టి అడిగేదాన్ని. శిక్షణలో నాకు చెప్పని సంగతులు ఎక్కువగా వాళ్ల దగ్గరే దొరికాయి.