ఎండలోనూ స్వెట్టరు వేసుకున్న వదిన

మా వదిన పోయింది. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందె దించి, గోడకు ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. మాలూరు ఫ్యాక్టరీకి బయలుదేరిన ఆమె కొడుకు రైల్లోంచే నాకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది చిన్నాయనా" అన్నాడు.

చావింటికి వచ్చినవాళ్ళంతా పుణ్యాత్మురాలు, ఎవరినీ బాధపెట్టకుండా పోయిందన్నారు. బతికుండగా ఆమెను మొద్దు అని వెక్కిరించిన నోళ్ళే అవి. నాకు ఎనభై దగ్గరపడుతోంది. ఇంక మొహమాటం దేనికి?

మా అన్న కోలారు బంగారు గనుల్లో భూమి అడుగున పనిచేశాడు. ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుని పోయాడు. నేను పైన, కార్మికుల హాజరు రాసే టైం ఆఫీసులో గుమాస్తాను. కార్మికులకు కట్టిన వరుస ఇళ్ళను మేం లైన్లంటాం. ఆ లైన్లలో జబ్బుకు ఒకటే కొలత: గనిలోకి దిగాడా లేదా. దిగినవాడు దగ్గితే అది జబ్బు. దిగని మనిషి, అందులోనూ ఆడది, ఆయాసపడితే అది సోమరితనం. గనులు మూతపడ్డా ఆ కొలత మూతపడలేదు.

వదిన బూదికోట దగ్గర రైతుల ఇంటి పిల్ల. అన్న మంచాన పడిన ఏళ్ళలో ఆమె కూర్చోగా నేను చూడలేదు. ఆయన పోయిన కొన్నాళ్ళకు ఆమె నడక, పని మందగించాయి. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, జుట్టు పలచబడింది. నలభై అడుగుల దూరంలోని కుళాయికి రెండుచోట్ల ఆగి వెళ్ళేది. ఏప్రిల్ ఎండలో కూడా అన్న పాత స్వెట్టరు తొడుక్కుని గడప ముందు రాతిబండ మీద కూర్చునేది. వరుసలో అందరికంటే ఆలస్యంగా వచ్చిందని కుళాయి దగ్గర నవ్వితే, "మెల్లగా వచ్చినా వచ్చినాను కదమ్మా" అనేది. నేనూ నవ్వినవాణ్ణే.

"ఏందప్పా, అన్ని బుక్కులు చదివినావే, నా చలికి మందు యాడా రాసుండ్లేదా?" అని ఒకసారి అడిగింది. మరొకసారి అంది: "అరిచే నొప్పికి అందరూ వస్తారు. అరవనిదానికి ఎవురొస్తారప్పా?"

చివరికి కొడుకు ఆమెను కోలారు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. థైరాయిడ్ మందగించిందని తేలింది. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర. ఆరు నెలల్లో మొహం వాపు దిగింది. స్వెట్టరు మేకుకు ఎక్కింది. రాగిముద్ద మళ్ళీ తనే కెలికి, నన్ను పిలిచి పెట్టింది.

అప్పుడొచ్చిందొక కాగితం.

మా లైన్లలో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది. కంపెనీ ఉన్నప్పుడు నోటీసులు, ఇప్పుడు రక్తపరీక్షలు. చదవడం వచ్చినవాడికి అర్థం కావడం కూడా వస్తుందని వాళ్ళ నమ్మకం. నా నమ్మకం కూడా అదే. వదిన గోధుమరంగు కవరు తెచ్చిచ్చి నిలబడింది. థైరాయిడ్ పరీక్ష నార్మల్ అని ఉంది. చదివి చెప్పాను.

"అట్లయితే ఇంగ మాత్ర మింగాల్నా వద్దా?"

"బాగైనాంక మాత్రెందుకు వదినా? జీవితమంతా మింగమనేది మందులోళ్ళ వ్యాపారం. నిలిపేయ్."

నిలిపేసింది. కొడుకు అడిగితే "మీ చిన్నాయన చెప్పినాడు" అందట. వాడూ నా మాట నమ్మాడు. కొన్ని నెలలకు స్వెట్టరు మేకు దిగింది. రాతిబండ మీద ఆమెను ఆ స్వెట్టరులో రోజూ చూశాను. పుస్తకంలో అచ్చుతప్పు ఒక్కటి కూడా వదలని ఈ కళ్ళకు అది ఆనలేదు. వయసు అనుకున్నాను. అట్లా రెండేళ్ళు.

ఆమె పోయిన వారానికి పాత కాగితాలు పట్టుకుని కోలారు వెళ్ళాను. డాక్టరు నన్ను కసురుకుంటాడని సిద్ధపడ్డాను. కసురుకోలేదు, మెల్లగా చెప్పాడు. థైరాయిడ్ మందగిస్తే గుండె కూడా మందంగా కొట్టుకుంటుంది. ఒంట్లో కొవ్వు కరగక రక్తనాళాల్లో పేరుకుంటుంది. బీపీ పెరగవచ్చు. ఏళ్ళ తరబడి అట్లా వదిలేస్తే గుండెకు ముప్పు ఎక్కువ. "ఆమెకు నార్మల్ వచ్చింది మాత్ర వల్లనే సార్" అన్నాడు. వయసుంది, ఇంకేమైనా ఉండవచ్చు, ఇదొక్కటే కారణమని తాను చెప్పలేనని కూడా అన్నాడు. మంచివాడు. ఆ చివరి మాట చాటున దాక్కుందామని చూశాను. దాక్కునేంత చోటు లేదక్కడ.

అన్న కొడుక్కి అంతా చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండో రోజు, వదినను అందరికంటే ఎక్కువ వెక్కిరించిన పక్కింటావిడ నా ముందుకొచ్చి గోధుమరంగు కవరు చాపింది. ఆమెకూ ఇప్పుడదే జబ్బు. "నార్మలేనా చూడన్నా" అంది. నేను చెయ్యి చాచలేదు. డాక్టరుకే చూపించమన్నాను, ఆయన చెప్పేదాకా ఒక్కపూట కూడా మాత్ర ఆపొద్దన్నాను. కోపం పెట్టుకున్నానని అనుకుని వెళ్ళిపోయింది. కోపం ఉంది. కానీ కవరు తీసుకోనిది అందుకు కాదు.

వదిన చీరలు చుట్టాలు తీసుకుపోయారు. స్వెట్టరు ఎవరికీ అక్కరలేదు. ఎవరో ఉతికి ఆ రాతిబండ మీద పరిచారు, చేతులు రెండూ పక్కలకు చాపి. మధ్యాహ్నం ఎండ దాని మీద పడుతోంది. ముట్టి చూశాను. వెచ్చగా ఉంది.